పన్నెండు రోజుల సెలవు – 7 : ఎత్తుకున్నది ఎవరి బిడ్డను

మాసయ్యను మనం కిందటి వారం ఒక సిమెంటు డైనోసార్ కడుపు కింద వదిలేసి వచ్చాం. పాపం, అక్కడినుంచి అతన్ని ఎవరూ మర్యాదగా లేపలేదు.

అప్పుడు చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. మాసయ్యది వీపనగండ్ల దగ్గరి పల్లె. హిమాచల్ కొండల్లో సొరంగం తవ్వే పనిలో పద్నాలుగు నెలలు ఏకబిగిన ఉండి, దసరా సెలవుల్లో పన్నెండు రోజుల కోసం ఇంటికొచ్చాడు. భార్య వసంతను, కూతురు అమూల్యను సంతోషపెడదామని, బామ్మర్ది అరుణ్ జీపులో, పెబ్బేరు దాటాక హైవే పక్కన కొత్తగా తెరిచిన నీళ్ల పార్కుకు తీసుకొచ్చాడు. అక్కడ ఒక అలల కొలను ఉంది. అలలు వదిలేముందు సైరన్ మోగిస్తారు. సంగతి తెలిసినవాళ్లు కేరింతలు కొడతారు. మాసయ్యకు తెలిసిన సైరన్ వేరు. సొరంగంలో అది మోగిందంటే కొండలో పెట్టిన మందు పేలబోతోందని అర్థం, బతకాలనుకున్నవాడు పరుగెత్తాలని అర్థం. ఏడేళ్లుగా అతని కాళ్లకు ఆ పాఠం ఒక్కటే వచ్చు. "బ్లాస్టింగ్! భాగో! భాగో!" అని గొంతు చించుకుని, పక్కనున్న బిడ్డను చంకనేసుకుని, గట్టెక్కి ఉరికాడు. అతన్ని చూసి సగం కొలను ఉరికింది. మొక్కజొన్న పొత్తులు అమ్మే మనిషి పొయ్యి మీద పొత్తులు అలాగే వదిలి గోడ దూకాడు. మాసయ్య మాత్రం దేనికీ ఆగకుండా డైనోసార్ కిందికి దూరి, బిడ్డ తలను రెండు అరచేతులతో కప్పి, యేసయ్యను తలుచుకుంటూ కళ్లు మూసుకున్నాడు. ఏదీ పేలలేదు. కళ్లు తెరిచి చూస్తే చంకలో ఉన్నది అమూల్య కాదు.

అదీ జరిగింది. ఇప్పుడు మాసయ్య పార్కు ఆఫీసు గదిలో నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు, అన్నా కూర్చునే స్థితిలో లేడు. ఒంటి మీదున్నది పార్కువాళ్లు కిరాయికిచ్చిన నైలాన్ నిక్కరు. దాని నాడా ఎవరో పుణ్యాత్ముడు ఇదివరకే లాగేసుకుపోయాడు. ఎడమ చేత్తో నిక్కరు పట్టుకుని, ఏసీ గాలికి వణుకుతూ, కాళ్ల కింద చిన్న మడుగు చేసుకుని నిలబడ్డాడు.

ఎదురుగా ఇందిరమ్మ. గద్వాల వైపు గట్టు అనే ఊరి దగ్గరి రైతు కుటుంబం ఆవిడది. ఊళ్లో ఎదురుపడితే నలుగురు లేచి నిలబడే మనిషి. ఇప్పుడు కిరాయి నైలాన్ చొక్కా, పాంటు మీద చీర చుట్టుకుని ఉన్నందుకు ఆవిడ కోపం రెట్టింపయింది. ఎనిమిదేళ్ల కూతురు శ్రుతిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, తుండుతో తల తుడుస్తూ, తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది. ఆవిడ భర్త కురుమూర్తి లాకరు తాళంచెవి నీళ్లలో పోగొట్టుకుని ఇంకా అక్కడే వెతుక్కుంటున్నాడట. లేకపోతే మాసయ్య గతి ఇంకోలా ఉండేది.

"పట్టపగలు, ఇంతమంది నడుమ ఆడపిల్లను ఎత్తుకపోతుండు సారు! పోలీసులకు ఫోన్ జెయ్యండి. వీని మొకం జూడు, ఏమెరగనట్ల నిలవడ్డడు."

"అమ్మా, దండం బెడ్త. ఎత్తుకపోలే. కాపాడుదామని..." మాసయ్య రెండు చేతులూ జోడించబోయి, నిక్కరు గుర్తొచ్చి ఒక చెయ్యే ఎత్తాడు.

"దేనికెల్లి కాపాడుతవయ్యా? నీళ్లకెల్లా?"

మేనేజరు పాతికేళ్ల కుర్రాడు. మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ. ఇలాంటివి అతనికి ట్రైనింగులో చెప్పినట్టు లేరు. గొంతు సవరించుకున్నాడు.

"చూడన్నా. నీ బిడ్డ అనుకుని ఈ పాపను ఎత్తుకున్నానంటున్నావు. సరే. నీ బిడ్డను ఇక్కడికి తీసుకురా. ఆమె వచ్చి మా నాన్నే అని చెబితే రిజిస్టరులో రాసుకుని పంపించేస్తా. లేదంటే పోలీసులను పిలవాల్సిందే, నా చేతుల్లో ఏం లేదు."

"మా ఇంటామె పోయింది సారు, తోల్కరానీకి."

"పాప ఏం బట్టలేసుకుంది? మైకులో పిలిపిద్దాం."

మాసయ్య ఆలోచించాడు. పొద్దున జీపులో అమూల్య ముందు సీట్లో మామ పక్కన కూర్చుంది. వెనక సీటునుంచి అతనికి జడ ఒక్కటే కనిపించింది. తర్వాత అందరిలాగే కిరాయి బట్టలు, నీలం టోపీ.

"నీలం టోపీ సారు."

"అందరికీ అదే ఇస్తాం అన్నా. వయసెంత?"

"పద్నాలుగు. పదమూడు నిండినయి... పద్నాలుగే సారు."

"ఏ క్లాసు?"

"తొమ్మిది. ఎనిమిది అయిపోయింది గద, ఇప్పుడు తొమ్మిదే అయితది." తనలో తాను లెక్కేసుకున్నట్టు అన్నాడు.

"విన్నవా సారు, కన్నబిడ్డ ఏ క్లాసంటే లెక్కలు గడ్తుండు!" ఇందిరమ్మ బల్ల మీద చెయ్యి చరిచింది. శ్రుతి తల్లి ఒళ్లోంచి మాసయ్యను వింతగా చూస్తోంది. ఆ పిల్ల ఏడవడం ఎప్పుడో మానేసింది.

"ఫోటో ఉందా?" అన్నాడు మేనేజరు.

ఉంది. ఫోన్ మెడలోనే, నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచిలో వేలాడుతోంది. కానీ సంచి తెరవాలంటే రెండు చేతులు కావాలి. మాసయ్య కాసేపు ఇటూ అటూ చూసి, గోడకు నడుం ఆనించి, నిక్కరును గోడకూ తనకూ మధ్య ఇరికించి సంచి విప్పాడు. వాకీటాకీలో ఎవరో నవ్వుతున్నారు. బహుశా వేరే సంగతికి.

ఫోటో చూసి మేనేజరు కనుబొమలు ముడిచాడు. ఇందిరమ్మ వంగి చూసింది. బడి బట్టల్లో, రెండు జడలతో, ముందు పన్ను ఊడిన పిల్ల.

"పద్నాలుగేండ్లంటివి. ఈ పోరి మా శ్రుతంత ఉన్నది!"

"అది ఐదేండ్ల కిందటిదమ్మా."

"మరి ఇప్పటిది?"

ఇప్పటిది లేదు. సొరంగం దగ్గర సిగ్నల్ అందదు. ఆదివారం గుట్టెక్కితే మాట వినిపిస్తుంది, మనిషి కనిపించదు. క్యాంపు రేకుల షెడ్డులో పద్నాలుగు మంది మగవాళ్లకు మాసయ్య ఆ ఫోటో కొన్ని వందలసార్లు చూపించాడు. నా బిడ్డ గిట్ల నవ్వుతది, నా బిడ్డకు లెక్కలంటే పానం, అని చెప్పి చెప్పి వాళ్లచేత తిట్లు కూడా తిన్నాడు. కొత్త ఫోటో పంపమని ఎప్పుడూ అడగలేదు. ఉన్నది ఉంది కదా అనుకున్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని వసంత వచ్చింది. ఒక్కతే వచ్చింది.

"ఏది?" అన్నాడు మాసయ్య.

వసంత అతని వైపు చూడలేదు. "చెప్పులిడిచే కాడ కూసున్నది. రానంటుంది."

"రానంటుందా? ఎందుకు?"

"ఏమో. రాను అంటె రాను అంటుంది. నువ్వే ఎట్లన్న చెప్పుకో."

మాసయ్యకు ఏసీ చలి ఒక్కసారిగా ఎముకల్లోకి దిగినట్టయింది. ఇన్ని వందలమంది ముందు నవ్వులపాలైన తండ్రి దగ్గరికి ఏ పిల్ల వస్తుంది? వీడు మా నాయిన అని ఏ నోటితో చెబుతుంది? సిగ్గుపడింది. అంతే. అతనికి అంతకంటే వేరే కారణం తోచలేదు.

ఇంటికొచ్చి ఏడు రోజులైంది. ఏడు రోజులూ ఆ ఇంట్లో అతను చుట్టంలాగే ఉన్నాడు. మంచినీళ్లు అడిగితే అమూల్య గ్లాసు తెచ్చి, తల ఎత్తకుండా పక్కన పెట్టి వెళ్లిపోతుంది. అతను గదిలోకి వస్తే పాట ఆపేస్తుంది. స్నేహితురాలి ఇంటికి వెళ్లాలంటే మామకు ఫోన్ చేసి అడుగుతుంది, తండ్రి వాకిట్లోనే కూర్చుని ఉన్నా. చెంచాలు ఎక్కడుంటాయో, కరెంటు బటన్లలో ఏది దేనిదో అతనికి తెలియదు. ఒకరోజు దీపం వేయబోయి మిక్సీ తిప్పాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు, ఆ తర్వాత వాకిట్లోకి వెళ్లి చాలాసేపు కూర్చున్నాడు. కొండల్లో పద్నాలుగు నెలలు ఒక్కడినే ఉన్నాననుకునేవాడు. ఒంటరితనమంటే ఏమిటో ఇంటికొచ్చాకే తెలిసింది. అక్కడ కనీసం అతనికో కూతురుండేది.

"అయితే పోలీసులకు చెప్పక తప్పదు," అని మేనేజరు ఫోన్ తీశాడు.

"ఆగుండ్రి, ఆగుండ్రి!" అరుణ్ తలుపులోంచి ఊడిపడ్డాడు. పెళ్లిపందిట్లోకి వచ్చినట్టు పళ్లన్నీ కనిపిస్తున్నాయి. "అంత నా ఫోన్ల ఉన్నది సారు. మొదటికెల్లి తీసిన. జర జూడుండ్రి, మా బావ దొంగో అమాయకుడో మీకే తెలుస్తది. బావా, నువ్వు ఫేమస్ అయిపోతవ్!"

బల్ల మీద ఫోన్ పెట్టాడు. అందరూ వంగారు. సైరన్. మాసయ్య కేక. కొలనులో కలకలం. ఒక లావుపాటి పెద్దమనిషి గాలి టైరుతో సహా గట్టెక్కడం, టైరు ఊడకపోవడం, దానితోనే పరుగెత్తడం. వెనక నిక్కరు జారుతూ, చంకలో పిల్లతో, మోకాళ్లు ఛాతీకి తగిలేలా ఉరుకుతున్న మాసయ్య. మేనేజరు నోటికి వాకీటాకీ అడ్డం పెట్టుకున్నాడు. శ్రుతి పకపకా నవ్వింది. ఇందిరమ్మ పెదాలు బిగబట్టింది కానీ భుజాలు కదిలాయి.

"నేనే గద," అన్నాడు మాసయ్య, తనూ నవ్వుతూ. గదిలో చలి కొంచెం తగ్గినట్టనిపించింది. "ఇంగోసారి బెట్టు అరుణూ."

అరుణ్ మళ్లీ పెట్టాడు. ఈసారి మాసయ్య మొదటినుంచి చూశాడు. సైరన్ మోగిన క్షణంలో అతనికి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, ఒక పొడుగాటి అమ్మాయి నిలబడి ఉంది. నీలం టోపీ కళ్ల దాకా లాక్కుంది. మాసయ్య ఆ అమ్మాయి ముఖంలోకి చూశాడు. చూసి, మోచేత్తో పక్కకు నెట్టాడు. ఆ అమ్మాయి వెల్లకిలా నీళ్లలో పడింది. ఆమె వెనకున్న చిన్నపిల్లను అతను ఎత్తుకుని పోయాడు. పడిన అమ్మాయి దగ్గుతూ లేచింది. టోపీ ఊడిపోయింది, జుట్టు ముఖానికి అంటుకుంది.

"ఈ పిల్లెవరు? పాపం, కింద వడ్డది," అన్నాడు మాసయ్య.

అరుణ్ నవ్వు ఆగిపోయింది.

"అది మన బిడ్డనే," అంది వసంత.

మాసయ్య ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఎలా వెనక్కి తిప్పాలో తెలియక వేలితో గాజు మీద రుద్దాడు. అరుణ్ తిప్పి ఇచ్చాడు. మళ్లీ చూశాడు. ఆ క్షణం అతనికి బాగా గుర్తుంది. కంగారులో ఎవరినో చూసి ఎవరో అనుకున్నాడంటే అబద్ధం. ముఖం స్పష్టంగానే చూశాడు. ఎవరి పిల్లనో, పెద్దదే, తనే ఉరుకుతుందిలే అనుకున్నాడు. అతను వెతికింది చంకలో పట్టే బిడ్డను.

"నేను మొకం జూసిన," అన్నాడు. ఎవరితో అంటున్నాడో అతనికే తెలియలేదు. "జూసిన సారు. ఎవ్వరి పిల్లనో అనుకున్న. నా బిడ్డను నేనే నూకేసిన."

కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేదు, ఒక చేతిలో ఫోన్, ఒక చేతిలో నిక్కరు. ఇందిరమ్మ శ్రుతి తల తుడుస్తున్న తుండు తీసి అతని భుజం మీద వేసింది.

"పోనీయ్ సారు," అంది మేనేజరుతో. "నాకేం కేసు వద్దు. పొరపాటయింది. పోనీయండ్రి ఆయనను."

కథ అక్కడితో అయిపోవాల్సింది. మేనేజరు రిజిస్టరు తెరిచాడు, ఇందిరమ్మ లేచి నిలబడింది. ఇంకో రెండు నిమిషాలు గడిస్తే ఆవిడ దారి ఆవిడది, మాసయ్య దారి మాసయ్యది అయ్యేది. ఆ రెండు నిమిషాలే గడవలేదు.

తలుపు దగ్గర అమూల్య నిలబడి ఉంది. తల మీద తుండు కనుబొమల దాకా లాక్కుని, నేల చూపులు చూస్తోంది. పోలీసులను పిలుస్తున్నారని బయట ఎవరో అనగా విన్నట్టుంది.

"సారు, ఈయన మా నాయిననే," అంది గొంతు తగ్గించి. "ఏం జెయ్యకుండ్రి."

మాసయ్య గుండె నిండింది. వచ్చింది. సిగ్గు చంపుకుని తన కోసం వచ్చింది. అతను ఒక అడుగు ముందుకు వేశాడు. అతనికంటే ముందు శ్రుతి తల్లి చెయ్యి విడిపించుకుని పరుగెత్తి, అమూల్య నడుము రెండు చేతులతో చుట్టేసింది.

"అమూల్యక్కా! మళ్ల ఎప్పుడొస్తవక్కా మా ఇంటికి?"

అమూల్య ఆ పిల్లను దగ్గరికి తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు. తుండు జారిపోయింది.

"ఓసి, నువ్వా?" ఇందిరమ్మ ముఖం విచ్చుకుంది. "నువ్వీయన బిడ్డవా? ముందుగాలనే చెప్పరాదె! సారు, ఈ పిల్ల మాకు తెల్వకపోవుడేంది. వానకాలంల మా సీడుపత్తి చేన్ల నలభై దినాలు క్రాసింగు జేసింది. మా ఇంట్లనే పండుకున్నది, మా ఇంట్లనే తిన్నది."

సీడుపత్తి అంటే ఏమిటో గద్వాల చుట్టుపక్కల అందరికీ తెలుసు, మాసయ్యకూ తెలుసు. విత్తనాల కోసం వేసిన పత్తి. తెల్లారగానే చేలో దిగి, మగపువ్వు పుప్పొడిని ఒక్కో ఆడపువ్వుకు చేత్తో అద్దుతూ పోవాలి, ఎండ ముదిరేలోగా వేల పువ్వులు. దానికి సన్నటి వేళ్లు కావాలి. అందుకని ఆడపిల్లలను బళ్లోంచి మాన్పించి తీసుకుపోతారు. మాసయ్య పదకొండో ఏట తల్లితో కలిసి మట్టిపనికి పోయినవాడు. నా బిడ్డ మాత్రం కూలికి పోవద్దు, చదువుకోవాలి అని ఒక్క మాట మీద సొరంగంలోకి దిగి, ఏడేళ్లు అక్కడే ఉన్నవాడు.

ఇందిరమ్మకు ఇదేమీ తెలియదు. మెచ్చుకుంటోందామె. "బంగారమసొంటి పిల్ల. మా శ్రుతికి రోజు జడలేసేది. చారుల ఉప్పు తక్కువైతె ఒక్క మాట అనదు, ఊకెనే పళ్లెం పక్కకు జరుపుతది. చీకటంటె మస్తు భయం దీనికి. కరెంటు పోతె సాలు, ఉరికొచ్చి నా కొంగు వట్టుకునేది. నిద్రల లెక్కలు జెప్తది సారు, నిజం!"

మాసయ్య వింటున్నాడు. తన కూతురు ఎలాంటిదో గట్టు నుంచి వచ్చిన ఒక పరాయి మనిషి చెబుతుంటే, తడి నిక్కరు పట్టుకుని, ఒక్కో మాటా వింటున్నాడు. చీకటంటే భయమని తెలియదు. ఉప్పు సంగతి తెలియదు.

"వసంతా," అన్నాడు.

వసంత నేల వైపు చూస్తోంది. అరుణ్ బావ చేతిలోంచి ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకుని, తలుపు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. మేనేజరును పక్కన పెడితే ఆ గదిలో అందరికీ తెలుసు. ఎనిమిదేళ్ల పిల్లకు కూడా తెలుసు. తెలియనివాడు తనొక్కడే.

"వారం వారం ఫోన్ జేసిన గద," అన్నాడు మాసయ్య. "బడికి పోతున్నవా బిడ్డా అంటె, పోతున్న నాయినా అంటివి."

"అమ్మనేం అనకు." అమూల్య మొదటిసారి తల ఎత్తింది. ఏడు రోజుల్లో మొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూసింది. "మామను గూడ అనకు. ఎవ్వరు తోలలే. నేనే పోయిన. మీరు నడుమ ఎవ్వరు మాట్లాడకుండ్రి."

"ఎందుకు బిడ్డా?"

"పని అలవాటు గావాలె గద."

"నీకు పనెందుకే? నేను లేనా?"

"లేవు గద నాయినా."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. అమూల్య శ్రుతి చేతులు మెల్లగా విడదీసి, ఆ పిల్లను తల్లి దగ్గరికి పంపి, రెండు అడుగులు తండ్రి వైపు వేసింది.

"మీ మేస్త్రి రాజన్నకు ఫోన్ జేసిన. క్యాంపుల వంటకు మనిషి కావాల్నంట. రమ్మన్నడు, నా పేరు గూడ రాసుకున్నడు. ఐదు రోజుల తర్వాత నువ్వు పోయెటప్పుడు నేను గూడ వస్త. వద్దనకు నాయినా." అతని భుజం మీదినుంచి జారుతున్న తుండు సర్దింది. "రోజు జూస్తే నన్ను గుర్తువడ్తవ్ గద."